అట్ట లేని పుస్తకం

తాయమ్మవ్వ మడిలో బోర్లా పడిపోయినప్పుడు శరణమ్మ గట్టు మీద నిలబడి ప్రేమకథ చదువుతోంది.

ముందు ఎవరూ చూడలేదు. నాటు వేసేవాళ్లు నడుం వంచి వెనక్కి నడుస్తారు. పక్కవాళ్లు తూలినా, ఆగినా, చేతి కింది నారు తప్ప కంటికి ఇంకేమీ ఆనదు. బసవ్వ మడమకు ఏదో మెత్తగా తగిలింది. తిరిగి చూస్తే అవ్వ. "ఓ యవ్వా!" అని కేకేసి, బురదలో కూరుకుపోయిన ఆ తలను రెండు చేతులతో పైకెత్తింది. అవ్వ నోటి వెంట నురగ వస్తోంది. కళ్లు తేలేసింది.

ఎందుకు పడిందో అందరికీ తెలుసు. మంచినీళ్ల ట్యాంకర్ రావడం మానేసి చాలా రోజులైంది. దాహమైతే మడి పక్కన పారే పిల్లకాలువలోనే దోసిలి పట్టాలి. పై మడుల్లో ముందురోజే కలుపు మందు కొట్టారు. ఆ మడుల నీళ్లు దిగేది ఈ పిల్లకాలువలోకే. వాసన తెలుస్తూనే ఉంది. దాహం వాసన చూస్తుందా?

"అమరప్పన్నా, ట్రాక్టర్ ఆపు! ట్రాలీ తగిలియ్! అవ్వను దవాఖానకు తీస్కపోవాలె!" అని బసవ్వ అరిచింది.

పక్క మడిలో ట్రాక్టర్ దమ్ము చేస్తోంది. మేస్త్రీ అమరప్ప అటు చూశాడు, ఇటు చూశాడు. తెలంగాణ సరిహద్దును ఆనుకున్న కర్ణాటక పల్లె నుంచి వీళ్లను ట్రాలీ ఎక్కించుకొచ్చింది అతనే. వాళ్ల ఊరివాడే, వాళ్ల భాషే. కానీ మేస్త్రీ అయినవాడికి ఊరూ భాషా యజమాని గేటు దాకానే.

"దమ్ము నడుమ ఆపితె ధణి నా తోలు దీస్తడు. ఎండ దెబ్బ గది. గట్టు మీద పండవెట్టుండ్రి, అదే లేస్తది," అన్నాడు. తర్వాత శరణమ్మ వైపు తిరిగాడు. "నువ్వెందుకాపినవ్? చదువు. నువ్వాపితె గీళ్ల చేతులాగుతయ్."

శరణమ్మ చదివింది.

అక్షరాలు అలుక్కుపోయాయి, అయినా చదివింది. కనకవల్లి కిటికీ దగ్గర నిలబడి సముద్రం వైపు చూసిందని చదివింది. ఆమె కాళ్ల దగ్గరే, గట్టు మీద, అవ్వ డొక్క ఎగిరెగిరి పడుతోంది. బసవ్వ అవ్వ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మిగతావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మళ్లీ వంగారు. దమ్ము అయిపోయేదాకా ట్రాక్టర్ తిరుగుతూనే ఉంది.

భయం గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్లు ఒక్క పంటకారు మేస్త్రీ కింద నాట్లకు పోయి రావాలి. అక్కడ భయమంటే పులీ కాదు, దెయ్యమూ కాదు. వచ్చే కారుకు ట్రాలీ మన గడప ముందు ఆగకుండా పోవడం. పొయ్యి మీద కుండ ఖాళీగా కనిపించడం. ఆ భయం ఒకసారి నరాల్లోకి దిగిందంటే మనిషి కళ్ల ముందు మనిషి చస్తున్నా నడుం వంగుతుంది.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి.

అది యజమాని నాగేంద్రబాబు ఇంటిదే. బాబు తండ్రి కోస్తా నుంచి వచ్చి, తుంగభద్ర కాలువ కింద భూమి కొని, క్యాంపు వేసి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇప్పుడు బాళగనూరు పోయే దారి పొడవునా కంటికానినంత పచ్చదనం ఆ ఇంటిదే. బాబు తల్లి శ్యామలాదేవి వయసులో ఉండగా నవలలు తెగ చదివేదట. నాట్ల ముందు ఆ ఇంటి అటక దులపడానికి శరణమ్మను పిలిచారు. పాత కాగితాలవాడికి వేయమని పడేసిన కుప్పలో ఈ పుస్తకం దొరికింది. అట్ట లేదు. పేరు లేదు. చివరి పేజీలు చెదలు తినేశాయి. "చదవడం వచ్చా నీకు? అయితే తీసుకోమ్మా, నాకింక కళ్లు ఆనవు," అంది శ్యామలాదేవి.

ముఠాలో తెలుగు చదవడం వచ్చింది శరణమ్మ ఒక్కతికే. అందరూ మాట్లాడేది తెలుగే కానీ, బడికి పోయిన నలుగురూ కన్నడ బడికే పోయారు. శరణమ్మ నది అవతల మేనమామ ఇంట్లో ఉండి పదో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది. ఒకరోజు సద్దులు తిన్నాక సరదాగా నాలుగు పేజీలు చదివి వినిపించింది. మర్నాటి నుంచి ఎవరికీ సద్దులయ్యేదాకా ఆగే ఓపిక లేకపోయింది.

"మడిల నిలవడి చదువే. నీ సాలు మేం ఏస్తం," అంది బసవ్వ. బసవ్వ శరణమ్మకు మేనత్త, నాటు వరసకు ముందు నడిచే మనిషి. ఆమె మాటే ఏర్పాటైంది. శరణమ్మ వంతు సాలు అటొకరు, ఇటొకరు పంచుకుని నాటేస్తారు. శరణమ్మ గట్టు మీద నిలబడి అందరికీ వినపడేలా చదవాలి. కథ నడిచినంతసేపూ నడుం నొప్పి తెలియదు. అమరప్ప మొదట గయ్యిమన్నాడు. మడులు తొందరగా తెమలడం చూసి నోరు మూసుకున్నాడు.

కథ తెల్లదొరల కాలం నాటిది. యుద్ధం జరుగుతోంది. సముద్రం పక్కన ఒక పట్నం. బాంబులు పడతాయని కిటికీలకు నల్లకాగితం అతికించుకున్నారు. సర్కారు బియ్యం గిడ్డంగి గుమాస్తా కూతురు కనకవల్లి. వైర్లెస్ పని చేసే రఘునందన్ ఆమెను ప్రేమించి, బర్మా యుద్ధానికి పోయి, మళ్లీ కబురు లేకుండా పోయాడు. గిడ్డంగి మీద అధికారం చేసే తెల్లకెప్టెన్ కన్ను కనకవల్లి మీద పడింది. నన్ను పెళ్లాడితే నీవాడి జాడ కనుక్కుంటానంటాడు. అదీ వరస.

ముఠాలో ఆ కథ పొలానికి అంటుకుపోయింది. ఏ సంగతి ఏ మడిలో నాటుతుండగా విన్నారో ఆ మడికి ఆ పేరు పడింది. తుమ్మచెట్టు కింది మడి రఘునందన్ పడవెక్కిన మడి. మోటరు దగ్గరిది ముద్దు మడి. "కెప్టెన్ మడిల నీళ్లెక్కువైనయ్, తూము ముయ్యుండ్రి," అని ఒకరోజు అమరప్పే అరిచాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఎవరికి ఏ భాగం నచ్చితే అది వాళ్లదైపోయింది. పిలిచి అడిగితే తమ భాగం గడగడా చెప్పేవాళ్లు.

తాయమ్మవ్వ భాగం ముద్దు కాదు, ఎడబాటు కాదు. రాసినాయన తొందరగా దాటేసిన అరపేజీ. పట్నంలో జనం గంజికి మొహం వాచి ఉంటే గిడ్డంగిలోని బియ్యం మిలిటరీకని ఓడలకెక్కిస్తుంటారు. ఒడ్డు నుంచి ఓడకు ఒక చెక్క వేస్తారు, ముఠావాళ్ల మాటలో తక్త. దాని మీదుగా ఆడకూలీలు బస్తాలు మోస్తారు. ఒకరోజు ఒక కూలిమనిషి ఆ చెక్క మధ్యలో బస్తా దించి కూర్చుండిపోతుంది. ఆమె వెనక ఇంకొకతె, ఆమె వెనక ఇంకొకతె. కనకవల్లి కిటికీలోంచి అది చూసి నిట్టూర్చి మళ్లీ రఘునందన్‌ను తలుచుకుంటుంది. అంతే. కానీ అవ్వ వదిలేది కాదు. "గా కనకవల్లిని పక్కకువెట్టు బిడ్డా, గా తక్త ముచ్చట మళ్ల చదువు," అనేది. చదివి చదివి, బురద వేళ్ల మరకలతో ఆ ఒక్క పేజీ గోధుమరంగుకు తిరిగింది. పుస్తకం తెరిస్తే దానంతట అదే అక్కడ తెరుచుకునేది.

ఆ అవ్వనే పొద్దు వాలాక ట్రాలీలో వేసి పంపారు. ఒక దవాఖానలో కాదన్నారు, ఇంకోచోట కాదన్నారు, ఆఖరికి రాయచూరు పెద్దాసుపత్రికి చేర్చారు. రాయచూరు రైస్ మిల్లులో హమాలీ పని చేసే కొడుకు దుర్గప్ప అక్కడికి పరిగెత్తుకొచ్చాడు.

మర్నాడు పొద్దున, రేకుల షెడ్డు ముందు పొయ్యిలు పొగ చూరుతుండగా, బసవ్వ ఫోన్ మోగింది. దుర్గప్ప గొంతు అందరికీ వినపడేలా పెట్టింది.

"అక్కా, మా యమ్మకు తెలివి లేదు. అమరప్ప ఈడికొచ్చి ఏం చెప్పిండో ఎరికనా? ఇంట్ల కొట్లాడి తనే మందు తాగిందంట! పోలీసోల్లు వచ్చి అట్లనే రాస్కపోయిండ్రు. మా యమ్మ నాతోటి ఏనాడు కొట్లాడిందక్కా? మీరందరు ఆడనే ఉంటిరి గద. ఏం తాగిందో చెప్పుండ్రి."

బసవ్వ ఫోన్ పెట్టేసింది. ట్రాలీ వచ్చి హారన్ కొట్టింది. ఎప్పుడూ ఆ కూతకు ఉరికేవాళ్లు ఆ రోజు కదల్లేదు.

"పా పోదాం. పోకుంటే ఇంక మనల్నెవ్వరు పిలువరు," అంది హనుమాయమ్మ. కొత్తగా పెళ్లయిన పిల్ల, నోరు చురుకు. "నాకు బుగులవుతున్నది అత్తా. పుస్తకంల తక్త మీద కూసుంటె చదవనీకె మంచిగుంటది. మనం కూసుంటె నోట్ల మట్టే."

"నిన్న నోట్లేముండె మరి?" అంది బసవ్వ. "మట్టన్న నయం. మందుండె."

"ధణితోటి తకరార్ పెట్టుకుంటె బతుకుతమా?"

"పెట్టుకోకుంటె బతుకుతున్నమా? అవ్వ ఏం తకరార్ పెట్టుకున్నది? దూప అయితె నీళ్లు తాగింది."

అప్పటిదాకా గోడకానుకుని ముడుచుకు కూర్చున్న శరణమ్మ ఒక్కసారిగా ఏడ్చేసింది. "నేను చదవకుంటె మీరాగుతుంటిరి. వాడు చదువన్నడు, నేను చదివిన. అవ్వ నా కాళ్లకాడ కొట్టుకుంటుంటె నేను ప్రేమకథ చదివిన. గా పుస్తకం పొయ్యిల ఏస్త."

"ఏస్తె ఏమొస్తదే? నువ్వు చదివినవు, మేం వంగినం. అందరం బుగులుకే చేసినం. గా బుగులును పొయ్యిల ఏద్దాం పా," అని బసవ్వ లేచింది.

లేచి పొలానికే నడిచింది. అందరూ నడిచారు. మడిలో మాత్రం దిగలేదు. ముందు సాయంత్రం పీకి కట్టలు కట్టిన నారు గట్టు వారగా పేర్చి ఉంది. పీకిన నారు ఎక్కువ సేపు ఆగదు, వేరు ఎండిందంటే ఎందుకూ పనికిరాదు. ఆ కట్టల ముందు వరసగా కూర్చున్నారు.

ఇక్కడ వాళ్లొక పని చేశారు. సమ్మె చేసేవాళ్లెవరైనా నవ్విపోయే పని. ఎండ ఎక్కే కొద్దీ ఒకరు కాకపోతే ఒకరు లేచి, దోసిళ్లతో నీళ్లు తెచ్చి నారు కట్టల మీద చల్లి వచ్చి కూర్చున్నారు. "మనమే నాటం, మనమే నీళ్లు చల్లుతం, గిదేం కొట్లాటనే?" అంది హనుమాయమ్మ. "నారేం గల్తీ చేసింది?" అంది బసవ్వ.

నాగేంద్రబాబు కారు దిగి వచ్చేసరికి సరిగ్గా ఆ నీళ్లు చల్లడమే కంటబడింది. ఆయన ముఖంలో కోపం పోయి నవ్వు వచ్చింది.

"ఏంటే బసవ్వా, ఈ వేషాలేంటి? నీళ్లు చల్లుకుంటా కూర్చుంటారా? దిగండి దిగండి, నారంటే మీకే అంత ప్రాణం, సాయంత్రానికి మీరే దిగుతారు."

బసవ్వ నిలబడింది. "దిగుతం ధణీ. తాయమ్మవ్వ నీ పొలంల కాల్వ నీళ్లు తాగి పడ్డదని నువ్వు రాయచూరుకొచ్చి చెప్పు. మాకు మంచినీళ్ల ట్యాంకర్ తెప్పియ్. మనిషి పడితె ట్రాక్టర్ ఆగాలె. గంతే. గిప్పుడే దిగుతం."

"ఆవిడ ఇంట్లో గొడవపడి తాగిందంట కదా."

"ఝూట్!" అన్నారు నాలుగైదు గొంతులు ఒక్కసారే.

తన పొలంలో అలాంటి మాట ఆయన ఎన్నడూ విని ఉండడు. చూపు వరస వెంట పోయి పోయి శరణమ్మ ఒళ్లోని పుస్తకం మీద ఆగింది. వంగి లాక్కున్నాడు. "ఓర్నీ, ఇది మా అమ్మ నవల కదే! చిన్నప్పుడు ఇది చదువుతా అన్నం కూడా మాడబెట్టేది," అని నవ్వుతూ తెరిచాడు. పుస్తకం దానంతట అది తెరుచుకునే చోటే తెరుచుకుంది. బురద మరకల పేజీ. ఆయన చదివాడు. వరసగా కూర్చున్న ఆడవాళ్లను చూశాడు. మళ్లీ చదివాడు. నవ్వు ఎప్పుడు పోయిందో తెలియదు. పుస్తకం చంకలో పెట్టుకుని, ఒక్క మాటా లేకుండా కారెక్కి పోయాడు.

తిట్టినా బాగుండేదనిపించింది శరణమ్మకు.

మధ్యాహ్నం జీపు వచ్చింది. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక ఆడ కానిస్టేబుల్. ఎస్సై కన్నడ మనిషి, తెలుగు వింటే కొంత తెలుస్తుంది గానీ అక్షరం ముక్క చదవడం రాదు. పుస్తకం ఆయన చేతిలో ఉంది. పక్కన బాబు. ఎస్సై ఆ గోధుమరంగు పేజీ మీద వేలు పెట్టి, ఇందులో ఏముందని కన్నడంలో అడిగాడు.

బాబుకు రెండు భాషలూ వచ్చు. "బియ్యం పోనివ్వకుండా దారికి అడ్డంగా కూర్చోమని ఉంది సార్. ఒకరి వెనక ఒకరు. చూడండి, అలాగే కూర్చున్నారు," అని కన్నడంలో చెప్పాడు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ముందు పేజీలో ఏముందో చెప్పలేదు, వెనక పేజీలో ఏముందో చెప్పలేదు. చదువుకున్నవాడి అబద్ధం అలా ఉంటుంది.

"అది ప్రేమకథ సార్! పాత నవల!" అంది శరణమ్మ.

"అట్ట ఎందుకు చింపారు? పేరెందుకు దాచారు?" అన్నాడు ఎస్సై.

దానికి చెదలే సమాధానం చెప్పాలి. ఆడ కానిస్టేబుల్ శరణమ్మ రెక్క పట్టి జీపు వైపు లాగింది. బసవ్వ అడ్డం పడితే తోసేశారు. జీపు క్యాంపు ఇంటి ముందు నుంచే పోవాలి. వరండాలో శ్యామలాదేవి నిలబడి ఉంది. బసవ్వ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి జీపు వెంట పరిగెత్తుతూ అరిచింది. "అమ్మా! నువ్విచ్చిన పుస్తకమేనమ్మా! ఒక్క మాట చెప్పమ్మా, నీదేనని!"

శ్యామలాదేవి నోరు కదిలింది. శరణమ్మ జీపులోంచి చూసింది, ఆ నోరు నిజంగానే కదిలింది. అంతలో జీపు వెనకే బాబు కారు వచ్చింది. ఆమె కొడుకు ముఖం చూసి లోపలికి పోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.

ఠాణాలో శరణమ్మను ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇంట్లో అమ్మకు ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు, ఇదే ఆలోచన. ఎస్సై ఎదురుగా కూర్చుని పుస్తకం తిరగేశాడు. అక్షరాలు అంతుపట్టక, బాబు కన్నడంలో పేర్లు రాసిచ్చిన ముక్క చూసుకున్నాడు.

"రఘునందన్ యారు?"

"కథల మనిషి సార్."

"ఎక్కడుంటాడు?"

"బర్మా పోయిండు సార్."

ఎస్సై కలం ఆగింది. "బర్మాకా? ఎందుకు?"

"యుద్ధానికి సార్."

ఆ మాట నోరు దాటిన తర్వాత గానీ ఎంత పని జరిగిందో ఆమెకు తెలియలేదు. ఎస్సై కళ్లు మెరిశాయి. గబగబా రాసుకున్నాడు. పరారీలో ఉన్న ముఖ్యుడు, విదేశం, ఆయుధ శిక్షణ. వినేవాళ్లకు నవ్వొస్తుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. శరణమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్కో జవాబుకూ తానే తన చుట్టూ కంచె కట్టుకుంటున్నట్టు అర్థమై, ఇక నోరు విప్పకూడదనుకుంది. రాయచూరు కోర్టుకు పంపుతామన్నారు. అక్కడి నుంచి ఎక్కడికో ఆమె అడగలేదు.

అప్పుడు గోడ అవతల నుంచి బసవ్వ గొంతు వినిపించింది.

"సముద్రం కాడ ఒక పట్నం ఉండె. యుద్ధం నడుస్తుండె. కిటికీలకు నల్ల కాయితం అతికిచ్చుకున్నరు. సార్లు, మంచిగ ఇనుండ్రి. పుస్తకంల ఏమున్నదో మేం చెప్తం. రాస్కుంటె రాస్కోండ్రి."

ముఠా అంతా పొలం నుంచి నడిచి వచ్చింది. కాళ్లకు బురద ఎండి తెల్లబడి ఉంది. గేటు ముందు నేల మీద కూర్చున్నారు. బసవ్వ తన భాగం చెప్పి ఆగింది. తుమ్మచెట్టు మడి ఎవరిదని ఎవరో అడిగితే ఆ భాగం మనిషి అందుకుంది, రఘునందన్ పడవెక్కాడు. హనుమాయమ్మ ముద్దు మడి అందుకుంది. పొద్దున బుగులవుతున్నదన్న పిల్ల ఠాణా గేటు ముందు ముద్దు గురించి గొంతెత్తి చెబుతుంటే లోపల కానిస్టేబుళ్లు తలలు దించుకున్నారు. ఆడ కానిస్టేబుల్ కిటికీ దగ్గరికి చేరి వింటోంది. అంగళ్లవాళ్లు వచ్చారు. కాలేజీ పిల్లలు బస్సు దిగి ఆగిపోయారు. తెలుగు రానివాళ్లకు పక్కవాళ్లు కన్నడంలో, ఉర్దూలో చెబుతున్నారు.

"ఇది లవ్ స్టోరీ కదా సార్," అంది ఆడ కానిస్టేబుల్ మెల్లగా.

ఎస్సై రాస్తూనే ఉన్నాడు. ఆయనకూ అర్థమైపోయింది. అర్థమైన తర్వాత కూడా కలం మూత పెట్టకపోవడమే ఉద్యోగమంటే.

బయట కథ గిడ్డంగి దాకా వచ్చింది. బియ్యం ఓడలకెక్కుతోంది. అక్కడ గొంతులు ఆగిపోయాయి. ఆ తర్వాతిది తాయమ్మవ్వ భాగం. దాన్ని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, అవ్వే చెప్పేది. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండగా బసవ్వ కొంగున కట్టిన ఫోన్ మోగింది.

బసవ్వ విన్నది. ఫోన్ నేల మీద పెట్టి రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. ఆ వెనకే ఏడుపు లేచింది, ఒక్కసారిగా, గోడలు అదిరేలా. లోపలున్న శరణమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అవ్వ పోయింది.

"జనం పెరగక ముందే తీసుకుపొండి," అని ఎస్సై గట్టిగా కసిరాడు. ఆడ కానిస్టేబుల్ శరణమ్మను లేపి జీపులో కూర్చోబెట్టింది. డ్రైవర్ ఇంజన్ వేశాడు. గేటు తెరిచారు. ఏడుస్తూనే ఆడవాళ్లు లాఠీలకు పక్కకు జరుగుతున్నారు. దారి పడుతోంది.

శరణమ్మ ఆ దారిని చూసింది. నిన్న మడిలో మళ్లీ వంగిన నడుములే ఇవాళ పక్కకు జరుగుతున్నాయి. వాళ్ల తప్పు కాదు. భయం. తనకూ అదే భయం. ఆ భయంతోనే నోరు తెరిచింది.

"ఓడకు ఒక తక్త ఏసిండ్రు," అంది.

మొదటిసారి ఎవరికీ వినపడలేదు. ఊచలు పట్టుకుని లేచి నిలబడింది. "ఓడకు ఒక తక్త ఏసిండ్రు! దాని మీదికెల్లి ఆడోళ్లు బియ్యం మోస్తున్నరు. పట్నంల గంజి లేదు, పిల్లలు చస్తున్నరు, బియ్యమేమో ఓడెక్కుతున్నది!"

"నిల్లిసు! సాకు!" అని ఆడ కానిస్టేబుల్ ఆమె భుజం పట్టి లాగింది. ఆపు, చాలు. ఆపవద్దని ఒకడు చెబితే ఆపని మనిషి, ఇప్పుడు ఆపమంటే ఆపలేదు.

"ఒక ముసల్ది ఉండె. దానికి పేరు లేదు, పుస్తకంల రాయలే. నేను చెప్తున్న, దాని పేరు తాయమ్మ! నెత్తి మీది బస్తా దించింది. తక్త నడుమ కూసున్నది. సోల్జర్లు లే అన్నరు. లెవ్వలే. కొడతమన్నరు. కొట్టుండ్రి అన్నది. దాని ఎన్క ఇంకొకతె కూసున్నది..."

పక్కకు జరుగుతున్న హనుమాయమ్మ ఆగింది. జీపు ముందుకు వచ్చి, ముక్కు తుడుచుకుని, తారురోడ్డు మీద చతికిలబడింది. బసవ్వ వచ్చి ఆమె వెనక కూర్చుంది. నాటు వరసలో కూర్చున్నట్టే, ఒకరి వెనక ఒకరు, ముఠా అంతా కూర్చుంది. లాఠీ ఒకటి లేచి ఎవరి వీపు మీదో పడింది. వరస కదల్లేదు.

పొలాల నుంచి తిరిగివచ్చే ట్రాలీలు అప్పుడే వస్తున్నాయి. దారి లేక ఒకటి ఆగింది, దాని వెనక ఇంకొకటి. "ఏమైందక్కా?" అని పై నుంచి అడిగారు. "మా అవ్వను కాల్వ నీళ్లు చంపినయ్, చెప్పినందుకు మా పిల్లను పట్కపోతున్నరు," అంది బసవ్వ. కాలువ నీళ్లు అందరూ తాగుతున్నవే. ఎవరి మేస్త్రీ పిలుస్తున్నా వినకుండా, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు ట్రాలీల మీద నుంచి దిగారు. వచ్చి వరస చివర కూర్చున్నారు. కాలేజీ పిల్లలూ కూర్చున్నారు. ఎస్సై ఫోన్‌లో ఎవరినో ఇంకా మందిని పంపమంటున్నాడు.

డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. వెనక్కి తిరిగి ఎస్సైని చూశాడు. తర్వాత తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

శరణమ్మ చదువుతూనే ఉంది. చేతిలో పుస్తకం లేదు.